కేసు కాగితంలో లేని పేరు

ఈ ఉదయం కొత్తపేట రైతుబజారుకు బయలుదేరితే, మా సందులో కడుతున్న ఇంటి స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు ఊడదీస్తున్నారు. వెనక్కి మళ్లి, చుట్టు తిరిగి పోయాను. భయమేమీ లేదు, కాళ్లకు అలవాటు, అంతే. మా ఆయన మేస్త్రీ. ఎల్బీనగర్ అవతల ఒక స్లాబు ఇంకా పచ్చిగా ఉండగానే కర్రలు తీయించారు. అది కూలినప్పుడు ఆయన దాని కిందే ఉన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా పైవాటాలో కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ కిరాయికి దిగింది. ఉద్యోగంలో మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలో ఇంజినీరింగు పిల్లలకు నేర్పేది. జరిగిన సంగతులనే కేసులుగా రాసిచ్చి, వాళ్లచేతే వాదింపజేసేది. ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. పలక దాటాక దిల్‌సుఖ్‌నగర్ బోర్డులే నా వాచకం. హాస్టల్, కోచింగ్, మళ్లీ హాస్టల్. ఒక్క వీధి చదివితే ఊరంతా చదివినట్టే.

ఒకనాడు, "పిన్నిగారూ, బాబాయిగారి సంగతి మా పిల్లలకు కేసుగా ఇద్దామనుకుంటున్నానండీ. మీరు వద్దంటే మానేస్తాను" అంది.

"ఇయ్యి బిడ్డా. నేను గూడ ఒస్తా. ఆయన గురించి ఏమంటరో ఇనాలె" అన్నాను.

నేనెవరో చెప్పవద్దని ఆమెతో అని, క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. పిల్లలకు పంచిన కేసు కాగితం కూడబలుక్కుని చదివాను. అందులో తొందరపెట్టిన బిల్డరు ఉన్నాడు, పచ్చి స్లాబని తెలిసీ కర్రలు తీయొచ్చని సంతకం పెట్టిన కుర్ర ఇంజినీరు ఉన్నాడు, అతని ఇంటి ఇబ్బందులు ఉన్నాయి. మా ఆయన చివరి వాక్యంలో 'ఒక కార్మికుడు'.

"సంతకం పెట్టకుంటే నౌకరీ పోతది గద మేడం!" అన్నాడొకడు.

"పోతే పోనీ, ఇంకోటి దొరుకుతది" అంది పక్క వరుస అమ్మాయి.

"దొరికేదాంక మీ నాయిన నాకు బువ్వ పెడ్తడా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు పక్కింటి టీవీలా వినిపించింది. కోపం రాలేదు. పైన ఫ్యానుకు ఒక రెక్క వంగి ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. వాదనంతా ఇంజినీరు చుట్టూ తిరిగింది. ఆయన కోసం వచ్చాను గానీ, ఆ గదిలో ఆయన లేరు.

అప్పుడు ఆ అమ్మాయే అడిగింది: "గా చనిపోయినాయన పేరేంది మేడం?"

టీచరమ్మ నావైపు చూసింది. "నాకూ తెలియదమ్మా" అంది. ఎలా తెలుస్తుంది? మాలో మొగుడి పేరు నోటితో పలకరు. దవాఖానలో అడిగినా పక్కవాళ్లు చెప్పాల్సిందే.

లేచి బోర్డు దగ్గరికి నడిచాను. నోరు తెరవకుండా, సుద్దముక్కతో ఆయన పేరు రాశాను. ఒత్తు కొంచెం పక్కకు పోయింది.

బువ్వ గురించి నవ్వించిన పిల్లవాడే మెల్లగా, "నువ్వు ఆయనకు ఏమైతవమ్మా?" అన్నాడు.

"ఇంటిదాన్ని బిడ్డా."

నేను వెనక బెంచీకి వచ్చి కూర్చున్నాక వాదన మళ్లీ మొదలైంది. ఈసారి ఎవరూ కార్మికుడు అనలేదు. గారు చేర్చి ఆ పేరే అన్నారు. నేను ఒక్కసారీ పలకని పేరు అన్ని నోళ్లలో వింటే, అప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

ఆ స్లాబు గట్టిపడడానికి బిల్డరూ ఇంజినీరూ ఇంకో నాలుగు రోజులు ఆగలేకపోయారు. ఆగని ఆ రోజులన్నీ నా దగ్గరికే వచ్చి చేరాయేమో, ఎంత గడిపినా అయిపోవు.