తుఫానుకు ఎదురుచెప్పిన కాదయ్య

ఎవరేమన్నా "కాదు" అనడం ఆ దర్జీకి పుట్టుకతో వచ్చిన గుణం. ఎండగా ఉందంటే కాదనేవాడు, మబ్బుగా ఉందన్నా కాదనేవాడు. సముద్రం ఒడ్డునున్న ఆ వీధి వీధంతా అతన్ని కాదయ్య అనే పిలిచేది. భార్య మాత్రం కాపురానికొచ్చిన కొత్తలోనే కిటుకు పట్టేసింది. "గోడలకు సున్నం అక్కర్లేదు" అనేది. మర్నాడే సున్నం పడేది.

ఒకరోజు పొద్దున్నే మైకులో చెప్పి వెళ్ళారు, సాయంత్రానికి పెద్ద తుఫాను తీరం దాటుతుందని, అందరూ మెట్టమీది బడికి చేరాలని. వీధి కదల్లేదు.

"ఏటా చెప్పేదే. పక్కకు పోతుందిలే," అన్నాడు పడవలు బాగుచేసే వడ్రంగి.

"కాదు," అన్నాడు దర్జీ.

"వస్తే రానీ. నా ఇల్లు గట్టిది."

"కాదు. నీ దూలానికి చెద పట్టింది."

వడ్రంగికి ఒళ్ళు మండింది. దూలం సంగతి తనకే చెబుతాడా? దర్జీ అప్పటికే అతని బియ్యం మూట నెత్తికెత్తుకుని మెట్టవైపు నడుస్తున్నాడు. వడ్రంగి అరుస్తూ వెంటపడ్డాడు. గొడవ ముదురుతుందేమోనని పెళ్ళాం పిల్లలు అతని వెంటపడ్డారు. తీరా చూస్తే అందరూ బడి మెట్లమీద ఉన్నారు.

ఇలా ఇంటికో తగువు పెట్టుకుంటూ వీధిని ఖాళీ చేశాడు. వెనకే నడుస్తున్న భార్యకు అప్పుడర్థమైంది. బతిమాలితే కదలనివాళ్ళు పౌరుషం వస్తే కదులుతారు.

చివరికి వలలల్లే అవ్వ మిగిలింది. కాళ్ళు పడిపోయి మంచంలోనే ఉంటుంది.

"నన్నొదిలేయ్ నాయనా. నా రోజులైపోయాయి."

"కాదు."

"నా వయసెంతో నీకు తెలుసా?"

"నీకూ తెలీదు. అడిగినప్పుడల్లా ఒక్కోటి చెబుతావు."

అవ్వకు నవ్వొచ్చింది. మంచం ఆ ఇరుకు గుమ్మంలో పట్టదు. దర్జీ దుకాణానికి పరుగెత్తి గుడ్డలు కత్తిరించే సన్నపాటి బల్ల ఈడ్చుకొచ్చాడు.

"ఇంకొక్కసారి మోయడానికే టైముంది. కుట్టుమిషను పైకి చేర్చుకోవాలిగా, అదే మన కూడు," అంది భార్య.

"కాదు," అన్నాడు, ఈసారి మెల్లగా. ఆమె బల్ల ఒక మూల పట్టుకుంది. దూలం గొడవ తేల్చుకుందామని దిగివచ్చిన వడ్రంగి ఇంకో మూల పట్టుకున్నాడు.

సాయంత్రం గాలి బడి తలుపులు బాదుతుంటే లోపల అందరూ ఒక మూలకు ఒదిగి కూర్చున్నారు.

"అంతా పోయినట్టే," అంది వడ్రంగి భార్య.

"కాదు. మీ ఎర్ర తలుపు పోదు," అన్నాడు దర్జీ.

"ఎరుపేంటి? నీలం."

"కాదు, ఎరుపే."

గది గదంతా లేచింది. నీలమని కొందరు, ఆకుపచ్చని కొందరు. గాలి ఎంత గట్టిగా ఊళపెడితే వాళ్ళు అంతకు మించి అరిచారు. దర్జీ చేతులు అవ్వ పడుకున్న బల్ల కాలును గట్టిగా పట్టుకుని ఉండటం భార్య ఒక్కతే చూసింది. వాటిని తన చేతుల్లోకి తీసుకుంది.

తెల్లారి దిగొచ్చేసరికి సగం ఇళ్ళకు కప్పుల్లేవు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. అవ్వను మోసుకొచ్చి, బల్లను దుకాణం ముందు దించారు. వడ్రంగి బురదలోంచి మిషను పైకి లాగి చక్రం తిప్పబోయాడు. కదల్లేదు.

"ఇక ఇది కుట్టదు," అన్నాడు.

"కాదు," అని వినిపించింది.

అందరూ దర్జీవైపు చూశారు. అన్నది అతను కాదు.

"కిరసనాయిలు పోసి కడగండి. ఎందుకు తిరగదో నేనూ చూస్తా," అంది బల్లమీద లేచి కూర్చున్న అవ్వ.

దర్జీ నోరు తెరిచాడు. ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు. భార్య నవ్వుకుంటూ కిరసనాయిలు వెతకడానికి వెళ్ళింది.