వేలి బోర్డా, పెన్ను బోర్డా?

కంప్యూటరుకి గుడ్డ కప్పి భద్రంగా దాచుకునే ఆ రోజుల్లో, గోడకి తగిలించిన ఎలక్ట్రానిక్ బోర్డు మీద వేలితో రాస్తే అక్షరాలు పడతాయని ఊరూరా తిరిగి నమ్మించడం నా ఉద్యోగం. బందరులో డిగ్రీ అయ్యాక గుడివాడలో ఒక డీలరు దగ్గర చేరాను. మూడు నెలల్లో ఒక్క బోర్డయినా అమ్మకపోతే ఇంటికి వెళ్లిపోవాలన్నది షరతు. ఇంకా పది రోజులే ఉన్నాయి. (అప్పటిదాకా నేను అమ్మింది ఒక్క మౌసు. అదీ మా పిన్నికి.)

అప్పుడే నాగాయలంకలో చేపల సంఘం వాళ్లు తమ మీటింగు హాలుకి బోర్డు కావాలన్నారు. వేలితో రాసే మా బోర్డునీ, ప్రత్యేకమైన పెన్నుతో మాత్రమే రాసే ఇంకో కంపెనీ బోర్డునీ పక్కపక్కనే పెట్టించి, చూసి ఎంచుకుంటారట. ముందు పెన్ను కంపెనీ అబ్బాయి చూపించాడు. బాగానే రాసింది. కానీ పెన్ను చేతులు మారి మారి ఎవరి జేబులోకో చేరింది, ఆ పెద్దమనిషి టీకి వెళ్లిపోయాడు. ఆయన తిరిగొచ్చేదాకా బోర్డు ఊరికే నిలబడింది. నవ్వు కనపడకుండా నేను తల దించుకున్నాను.

నా వంతు వచ్చింది. "మాకు పెన్నూ గిన్నూ అక్కర్లేదండీ, దేవుడిచ్చిన వేలు చాలు" అంటూ కృష్ణానదినీ, సముద్రాన్నీ, పడవలు ఆగే రేవునీ గీశాను. చప్పట్లు కొట్టారు. అంతలో సముద్రం మధ్య ఓ నల్లచుక్క పడింది. చెరిపాను. రెండు పడ్డాయి. తర్వాత ఓ గీత వంకర్లు తిరుగుతూ రేవులోకి వచ్చేసింది. పక్క గదిలో ఎండుచేపల బస్తాలున్నాయి. వాటి మీద ముసిరే ఈగలు వచ్చి బోర్డు మీద వాలుతుంటే, ఏది తగిలినా వేలే అనుకునే మా బోర్డు నిజాయితీగా రాసుకుపోతోంది.

"అమ్మాయీ, మా సంఘంలో ఈగలకి సభ్యత్వం లేదమ్మా" అన్నారు ప్రెసిడెంటు గారు. హాలంతా ఘొల్లుమంది. కంగారులో ఫైలుతో ఈగల్ని తోలాను. ఫైలు తగిలిన చోటల్లా గీతలు పడి రేవు కనపడకుండా పోయింది.

ముందు వరసలో చేపల వ్యాపారం చేసే ఒకావిడ కూర్చుంది. ఊరందరికీ అత్తే. "అదంతా కాదు గానీ అమ్మాయ్, మా స్థానంలో నువ్వే ఉంటే ఏది కొంటావు? నిజం చెప్పు" అంది.

నా ఉద్యోగం కళ్ల ముందు మెదిలింది. నోరు మాత్రం నా మాట వినలేదు. "పెన్నుదే కొంటానండీ. ఆ పెన్నుకి ఓ తాడు కట్టించుకోండి."

పెన్ను కంపెనీ అబ్బాయి నోరెళ్లబెట్టాడు. వాళ్లు అదే కొన్నారు. గుడివాడ వచ్చి జరిగింది చెబితే మా ఓనరు గారు, "నీకు జీతం ఇచ్చేది నేనా, వాళ్లా?" అని నెత్తి పట్టుకున్నారు. బ్యాగు సర్దుకుంటున్న వారంలోనే ప్రెసిడెంటు గారి నుంచి మా ఓనరు గారికి ఫోను. "బందరులో మా వియ్యంకుడి కాలేజీకి రెండు బోర్డులు కావాలంట. ఏసీ గదులండీ, ఈగలుండవు. ఆ అబద్ధం చెప్పలేని అమ్మాయినే పంపండి."

అలా నిలబడ్డ ఉద్యోగంలోనే ఇంతకాలం గడిచిపోయింది. ఇప్పుడు గోడంత టచ్ స్క్రీన్లు అమ్ముతున్నాను. మీరైతే ఏది కొంటారని ఎవరైనా అడిగితే, "మీ అవసరాన్ని బట్టి ఉంటుందండీ" అంటాను, చిరునవ్వు చెదరకుండా. ఆ జవాబు నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. అప్పటి ఆ పిల్ల వింటే పకపకా నవ్వేది.