చెవిలో చెప్పిన ఆట

నన్నెవరైనా పొగిడితే ముందు జేబు తడుముకుంటాను. ఇది మా ఇంటి గుణం. మా నాయనకు తమిళనాడు ధర్మపురిలో చింతపండు మండీ ఉండేది. గంప పైన పండు ఎంత నిగనిగలాడుతుంటే ఆయన అంత లోతుకు చెయ్యి పెట్టి, అడుగున గింజలు కలిపారా, నీళ్ళు చల్లారా అని చూసేవాడు. నవ్వుతూ వచ్చిన రైతును ఇంకాస్త ఎక్కువసేపు నిలబెట్టేవాడు. ఆయన పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి కాబట్టి మనుషుల్ని కూడా అలాగే చూడటం నాకు అబ్బింది.

అందుకే ఎనభైల మొదట్లో మా హైస్కూలుకు కొత్త పీటీ సారు వచ్చి, వాలీబాల్ జట్టును తయారుచేస్తానన్నప్పుడు నేనాయన్ని ఎగాదిగా చూశాను. పాత సారు విజిల్ ఊది, బంతి మా మీదికి విసిరేసి, నీడలో కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఆయన మీద మాకే అనుమానమూ ఉండేది కాదు. ఈయన పద్ధతి వేరు. ప్రాక్టీసు అయ్యాక ఎవడో ఒకణ్ణి పిలిచి, మాట్లాడుతూ గ్రౌండు చివర ఉన్న నీళ్ళ కొళాయి దాకా నడిపించుకుని పోయేవాడు. వెళ్ళినవాడు తిరిగొచ్చేటప్పుడు వాడి ఛాతీ కాస్త ముందుకొచ్చి ఉండేది, నోరు మాత్రం కుట్టేసినట్టుండేది. ఏం చెప్పాడ్రా అంటే, "ఏం లేదు, మోకాళ్ళు బాగా వంచమన్నాడు" అనేవాడు. మోకాళ్ళ సంగతి చెప్పడానికి కొళాయి దాకా ఎందుకు పోవాలో నాకు అంతుబట్టేది కాదు.

ఒక సాయంత్రం నా వంతు వచ్చింది. జట్టులో నేను లిఫ్టర్ని. అంటే వచ్చిన బంతిని వల పక్కన పైకెత్తి, కొట్టేవాడికి అందించేవాణ్ణి. ఎవడికి అందిస్తానో అవతలివాళ్ళకు తెలియకుండా ఉండటమే ఆ పనిలో ఉన్న విద్యంతా. కొళాయి దగ్గర సారు అటూ ఇటూ చూసి, తెలుగులో అడిగాడు.

"ఇంట్ల మీరు మాట్లాడేది మన మాటే గదా?"

నేను తడబడ్డాను. మాకు తెలుగు గడప లోపలి మాట. గడప దాటితే బడి, అంగడి, బస్సు అన్నీ తమిళమే. ఈ అక్షరాలు కూడా నేను చాలా పెద్దయ్యాక నేర్చుకున్నవి. బడిలో ఒక పెద్దమనిషి మా వంటింటి మాటల్లో నన్ను పలకరించడం అదే మొదలు.

"అవును సార్" అన్నాను.

"అయితే బాగైంది. ఆట నడిచేటప్పుడు బయటనుంచి కోచ్ ఏమీ చెప్పగూడదు, అది రూలు. నేను పక్కోనితో మాట్లాడినట్ల మన మాటల్లో చెప్తా ఉంటాను. నువ్వు ఇని చెయ్యి. అంపైరుకీ తెలీదు, అవతలోళ్ళకీ తెలీదు. మనోళ్ళకి గూడా చెప్పొద్దు. ఈ జట్టులో నేను నమ్మింది నిన్నొకణ్ణే."

నాకు కడుపు నిండిపోయింది. నిండిన మరుక్షణమే అనుమానమూ వచ్చింది. నన్నే ఎందుకు నమ్మాడు? ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఆమె సంకటి కెలుకుతూ, "మనోడంటే ఏ ఊరోడు? ఎవురి ఇంటోడు?" అని ఆరా తీసింది. నాకు తెలియదన్నాను. "తెలీకుండానే మనోడైపోయినాడా" అని ఆమె మూతి తిప్పుకుంది.

అయినా నేను ఒప్పుకున్నాను. దానికి కారణం ఉంది. ఆ ఏడు జిల్లా జట్టుకు కుర్రాళ్ళను ఎంచుకోబోతున్నారు. అందులో పడితే హాస్టల్లో ఉండి ఆడుకుంటూ పైచదువు చదువుకోవచ్చు. లేకపోతే బడి అవ్వగానే మండీలో కూర్చోవాలని మా నాయన ముందే తేల్చేశాడు. బతుకంతా గంపల అడుగున చెయ్యి పెట్టి తడుముతూ ఉండటం నాకు ఇష్టం లేదు. వాలీబాల్ అంటే అప్పట్లో నాకు ప్రాణం.

సారు ఎత్తు పారింది. నల్లంపల్లిలో గెలిచాం, బొమ్మిడిలో గెలిచాం. ఆయన బెంచీ మీద కూర్చుని, పక్కనున్నవాడితో ఊరి సంగతులు చెబుతున్నట్టు, "ఎడమపక్కోడు అలిసిపోయినాడు, వాని మీదికే తోలు" అనేవాడు. నేను తోలేవాణ్ణి. ఆ పక్కనున్నవాడు ఒక్క ముక్కా అర్థం కాక తల ఊపుతూ ఉండేవాడు.

మావాళ్ళు మాత్రం ఊరుకోలేదు. మా అటాకర్, అంటే నేనెత్తిన బంతిని కొట్టేవాడు, క్లాసులో నా బెంచీవాడే. సైకిల్ షాపాయన కొడుకు. తమిళం వాళ్ళు. ఒకరోజు వాడు, "సారూ నువ్వూ ఏం మాట్లాడుకుంటున్నారు?" అన్నాడు. ఏం లేదన్నాను. ఆ తర్వాత నేను బంతి ఎత్తినప్పుడు వాడు ఎగిరే ముందు ఒక్క క్షణం నా ముఖంలోకి చూడటం మొదలుపెట్టాడు. అంతకుముందు చూసేవాడు కాదు, బంతి వస్తుందని కళ్ళు మూసుకుని ఎగిరేవాడు.

వేరే దారుల్లో తిరిగి తిరిగి చివరికి నేనూ విజిల్ మెడలో వేసుకుని అదే ఉద్యోగం చేశాను. ట్రైనింగులో మాకు చెప్పారు, ప్రతి ఆటగాడి మనసూ వేరు, ఒక్కొక్కణ్ణి విడిగా పట్టుకోవాలని. అది తప్పని నేననను. కానీ విడిగా పట్టుకున్నవాళ్ళను మళ్ళీ కలిపి వదలాలి గదా, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నా జట్టు పిల్లలకు ఏదైనా అందరి ముందే చెప్పేవాణ్ణి. దానికీ వాళ్ళు, ఈయన అసలు సంగతి దాస్తున్నాడని అనుమానపడేవాళ్ళు.

ఫైనల్ హరూర్‌లో, ఆ ఊరి జట్టుతోనే. జిల్లా జట్టుకు ఎంపిక చేసే పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెరో ఆటా గెలిచాక మూడోది మొదలైంది. అక్కణ్ణుంచి నేను ఎవడికి బంతి ఎత్తితే వాడి ముందు హరూర్ చేతులు గోడ కట్టినట్టు లేచేవి. సారు "నడిమికెయ్" అంటాడు, నేను నడిమికి వేస్తాను, అక్కడ ఇద్దరు సిద్ధంగా ఉంటారు. నేను ముందుగా మా అటాకర్ని అనుమానించాను, వీడు కళ్ళతో ఏమైనా సైగ చేస్తున్నాడా అని. తర్వాత వలకు అవతల నిలబడ్డ హరూర్ లిఫ్టర్ పెదాలు కదలకుండా పక్కవాడితో అన్న మాట నా చెవిన పడింది.

"మళ్ళా నడిమికే. లెయ్."

మా అమ్మ నన్ను నిద్ర లేపే మాట, ఆ 'లెయ్'. ఈ జిల్లాలో ఎక్కడ చూసినా తెలుగు ఇళ్ళే. కానీ ఎవరూ గడప బయట ఆ మాట మాట్లాడరు కాబట్టి, ఈ భాష తమ ఇంటికి మాత్రమే ఉన్న తాళం చెవి అని ప్రతి ఇంటివాళ్ళూ అనుకుంటారు. సారూ అలాగే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. హరూర్ కుర్రాళ్ళు మా రహస్యాన్ని ఎంతసేపటినుంచి వింటున్నారో.

టైమ్ అవుట్ తీసుకున్నప్పుడు నేను సారు పక్కకు చేరి మెల్లగా చెప్పాను. "సార్, వాళ్ళకి మన మాట తెలుస్తుంది."

"నీకెట్ల తెలుసు?"

"వాడు మాట్లాడినాడు, ఇన్నాను."

సారు వల వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆ లిఫ్టర్ నన్ను చూసి పళ్ళు ఇకిలించాడు. తమ గుట్టు నాకు తెలిసిపోయిందని గ్రహించి నవ్విన నవ్వు అది. సారు ముఖం మారిపోయింది.

"వాడు నీకేమైతాడు?"

"ఏమీ కాడు సార్."

"ఏమీ కానోడు నిన్ను చూసి ఎందుకు నగుతాడు?"

తన ఎత్తులో పొరపాటు ఉందని ఆయన ఒక్క క్షణం కూడా అనుకోలేదు, నేనే వాళ్ళకు చెప్పేశానని తేల్చేశాడు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, నా బదులు ఇంకొకణ్ణి పంపాడు. వాడు నేర్చుకుంటున్నవాడు, బంతి ఎక్కడికి ఎత్తుతాడో వాడికే తెలియదు. తెలుగు అసలు రాదు. కాబట్టి సారు నోరు మూసుకుని కూర్చున్నాడు. నోరు మూసుకోగానే హరూర్ గోడ కూలిపోయింది. వాళ్ళు ఇటు ఎగిరితే బంతి అటు పోయింది. మేం గెలిచాం.

ఆ గెలుపును నేను పక్కన కూర్చుని చూశాను. నన్ను దింపగానే గెలిచారు, ఇక ఎవరికైనా ఏం చెప్పను? కుర్చీలో పెద్దాయన మా అటాకర్ని పిలిచి ఊరూ పేరూ అడిగాడు. నా వైపు చూడలేదు.

తిరుగు బస్సులో అందరూ పాటలు. అటాకర్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నిజం చెప్పు, వాళ్ళు మీవాళ్ళేగా?" అన్నాడు తమిళంలో. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు చివరిదాకా విని, "సారు కొళాయి దగ్గర నాకు ముందే చెప్పాడు, నీ మీద కన్నేసి ఉంచమని" అన్నాడు. "జట్టులో నమ్మింది నన్నొకణ్ణేనని కూడా అన్నాడు."

ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఇంకెంతమందికి చెప్పాడో అడుగుదామనుకున్నాను. వాడు అప్పటికే లేచి పాటల్లోకి వెళ్ళిపోయాడు.

ధర్మపురి బస్టాండులో దిగాక పిల్లలంతా టీ కొట్టు ముందు గుమిగూడారు. సారు నన్ను బస్సు వెనక్కి పిలిచాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. ఆయన ముఖం మెత్తగా ఉంది.

"పోనీలేప్పా. చిన్నపిల్లోనివి, ఏదో అయిపాయ. నేను ఎవురికీ చెప్పను" అన్నాడు తెలుగులో. నేను చెయ్యని తప్పుకు నన్ను క్షమించి, దాన్ని మా ఇద్దరి మధ్య దాచిపెడతానంటున్నాడు.

నేను తమిళంలో, టీ కొట్టు దాకా వినపడేలా అన్నాను. "చెప్పండి సార్. ఏం జరిగిందో అందరికీ చెప్పండి."

మావాళ్ళు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. సారు వాళ్ళ వైపు చూసి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు.