కొత్త బండికి తేలిక బరువు

పొద్దున మా మనవడు కొత్త బండి మీద ఎకాఎకిని పదిహేను ధాన్యం బస్తాలు వేసుకుని పోయాడు. ఇరుసు కీచుమని ఏడుస్తోంది. "నిన్నగాక మొన్న వడ్రంగి చేతినుంచి వచ్చిన బండిరా" అని నేను గుమ్మంలోంచి మొత్తుకుంటే, "ఆ రోజులు పోయాయి నాయనమ్మా" అన్నాడు. పోతే పోయాయి, ఆ సంగతి ఎడ్లకు కూడా చెప్పాలి కదా.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మామగారు కొత్త బండి చేయించారు. కోతల రోజుల్లో ఊరందరి బండ్లూ వరి పనలు మోస్తుంటే, మాది ఖాళీగా కాలవగట్టు మీద షికారు తిరిగేది. నవ్వినవాళ్ళతో ఆయన, "కొత్త ఇరుసు కుదురుకునేదాకా బరువెయ్యకూడదండి. ఇప్పుడు తొందరపడితే బండి ఉన్నన్నాళ్ళూ బరువుగానే లాగుద్ది. ఎడ్లు రెట్టింపు ఉలవలు తింటాయి" అనేవారు. పూటకోసారి చీల తీసి, చక్రం పక్కకు లాగి, గడ్డి మసి కలిపిన ఆముదాన్ని తన వేళ్ళతో ఇరుసుకు పట్టించేవారు. "నా తలకి ఎప్పుడైనా ఇంత నూనె రాశారా" అని అత్తగారు దెప్పేవారు.

అప్పుడే ద్రాక్షారామం దగ్గర మా పుట్టింట్లో అమ్మ మంచం పట్టిందని కబురు వచ్చింది. వెళ్తానని అడిగే ధైర్యం నాకు లేదు. కోతల్లో కొత్త కోడలికి పుట్టింటి ప్రయాణమేమిటని అత్తగారి పట్టు. ఆవిడ తప్పూ కాదు, రోజూ ఇంటెడు కూలీలకు వండాలి. పొయ్యి పొగ వంక పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఒకనాడు మామగారు వంటింటి గడప దగ్గర నిలబడి, "ఏమేవ్, బండికి ఇక ఒక మనిషి బరువు అలవాటు చెయ్యాలి. నువ్వెక్కితే ఎక్కువవుద్ది. అమ్మాయిని ఎక్కిస్తాను" అన్నారు. అత్తగారు నవ్వాపుకోలేక సరేనన్నారు. ఇక దారి నాలుగు కోసులుండాలట, గట్టు చదునుగా ఉండాలట. ఆ కొలతకు సరిపోయేది మా పుట్టింటి దారి ఒక్కటే.

అలా వారానికోసారి వెళ్ళేవాళ్ళం. ఆయన ముందు తోలుతుంటే నేను వెనక్కి తిరిగి కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో కోడళ్ళు మామగారితో మాట్లాడేవారు కాదు. అమ్మకు గంజి పట్టి, తల దువ్వి, పొద్దువాలకముందే తిరిగొచ్చేదాన్ని. నాలుగో వారానికే బండి చప్పుడు లేకుండా నడిచింది. నాకే తెలిసినప్పుడు ఆయనకు తెలియదా? మా ఆయన ధాన్యం వేస్తానంటే మాత్రం, మామగారు చక్రానికి చెవి ఆనించి, "ఇంకా పట్టుగానే ఉందిరా" అనేవారు. మా పనలు పక్కింటివాళ్ళ బండి మీదే కళ్లానికి చేరాయి. మామగారి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో ఎదురుగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఎనిమిది ప్రయాణాలయ్యాక అమ్మ పోయింది. కర్మలన్నీ ముగిసి నేను తిరిగొచ్చిన మర్నాడు, మామగారు బండి నిండా బస్తాలు వేయించారు. "కుదురుకుందిలే" అన్నారు, నావైపు చూడకుండా.

ఆ బండి ముప్పై ఏళ్ళు నడిచింది. అది మోసిన ధాన్యమంతా ఎవరు తిన్నారో, ఎటు పోయిందో నాకు గుర్తులేదు. బరువు లేకుండా నడిచిన ఆ ఎనిమిది వారాలే నా దగ్గర మిగిలిన కాలం.