సత్యమ్మ చేతికి రాని పటం

సత్యమ్మ వాళ్లది పటం కథ చెప్పే వంశం. పటమంటే గోడకు కొట్టే బొమ్మ కాదు. విప్పుతూ పోతే వాకిలి దాటి వీధిలోకి పోయేంత పొడుగు బట్ట. దాని మీద ఎర్రటి రంగులో గౌడ కులం పుట్టుక మొత్తం ఉంటుంది. నేల మీద చెట్టన్నదే లేని కాలం, శివుడి దాహం, ఆ దాహం కోసం మొలిచిన మొదటి తాటిచెట్టు, దాన్ని మొదట ఎక్కిన మూలపురుషుడు, చివర గౌడుల దేవుడు కాటమయ్య. ఆ కథ వినే హక్కు గౌడులది, చెప్పే హక్కు సత్యమ్మ వాళ్లది. శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమె మామగారి నాటి నుంచీ వాళ్లకే రాసిపెట్టినట్టు ఉండేవి.

భర్త వెంకటనర్సయ్య కథ చెప్తుంటే ఆమె పక్కన వంత పాడేది. తొంభై మూడులో అతను పోయాక, బొమ్మలు చూపించే కర్ర తనే పట్టుకుంది. ఆడది కర్ర పట్టడమేంటని లాల్‌గడి మలక్‌పేట్ పెద్దలు గొణిగారు. కథ మొదలయ్యాక ఆ గొణుగుడు వినబడలేదు. ఆ ఊరి బడిలో అప్పుడే పంతులమ్మగా చేరిన నేను కూడా చూడ్డానికి పోయాను. శివుడు దాహంతో తల్లడిల్లే చోట ఆమె గొంతు ఎంతగా ఎండిపోయిందంటే, నేను మధ్యలో లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. ఆ తర్వాత ఆమె కథ ఎక్కడున్నా వెళ్లేదాన్ని.

తర్వాత ప్లాట్లు వచ్చాయి. తూంకుంట నుంచి కరీంనగర్ రోడ్డు పొడుగునా తాటివనాలు కొట్టేసి హద్దురాళ్లు పాతారు. చెట్టెక్కే మోకులు అటకెక్కాయి. గౌడుల పిల్లలు వెంచర్లు వేయడం నేర్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. చెట్టు మీంచి పడి మంచాన పడ్డ తండ్రులకు అన్నం తినిపించిన పిల్లలు వాళ్లు. కాకపోతే కథ పెట్టించేవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోయారు.

ఇంతలో సత్యమ్మ పటం శివుడి మొహం దగ్గర చిరిగింది. చిరిగిన మొహంతో కథ చెప్పకూడదు, కొత్తది గీయించాలి. దానికో పద్ధతుంది. చేర్యాల నుంచి నకాషీ చిత్రకారుడు వచ్చి, బొమ్మలన్నీ ముందే గీసి, కళ్లు మాత్రం వదిలేస్తాడు. ముహూర్తం వేళ కులపెద్దల ఎదుట కళ్లు దిద్దుతాడు. పటం మొదట ఎవరిని చూస్తే అది వాళ్లది. వాళ్లు దాన్ని తీసి కథకురాలి చేతిలో పెడితేనే ఆమె నోరు విప్పాలి. అలా పటం అప్పగించకుండా కథ చెప్తే చెప్పిన నోరు పడిపోతుందని వాళ్ల నమ్మకం. ఇంకొకటి, కొత్తది కళ్లు తెరవకముందే పాతదాన్ని నీళ్లలో కలిపేయాలి. రెండు పటాలు ఒకేసారి మేలుకుని ఉండకూడదట.

గీయించే ఖర్చు తనదేనన్నాడు తూంకుంట లక్ష్మణ్ గౌడ్. వాళ్ల నాయిన కల్లు గీసిన వనంలోనే అతను వెంచర్ వేశాడు.

"మా నాయిన ఎక్కిన చెట్ల జాగల్నే కళ్లు తెరిపిద్దామవ్వా. కులపోళ్లందర్ని నేను పిలుస్త, నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు.

రెండువేల ఐదులో ముహూర్తం రోజు పొద్దున్నే సత్యమ్మ పాతపటానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, అన్నం వండి ముందు పెట్టింది. శామీర్‌పేట చెరువు బాగా వెనక్కిపోయి ఉంది. బురదలో దిగబడుతూ నడిచి, నీళ్లు నడుముకు వచ్చేచోట దాన్ని వదిలింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు. అది నేను కళ్లారా చూశాను.

అక్కడి నుంచి వెంచర్ దగ్గరికి వెళ్తే షామియానా కింద ప్లాట్లు కొనేవాళ్లు లక్కీ డ్రా చీటీలు పట్టుకుని కూర్చున్నారు. కులపెద్దలు ఒక్కరూ లేరు. నాగారంలో ఎవరిదో పెద్దింటి పెళ్లట, అందరూ అటు పోయారు.

"జెర ఆగు, పెద్దలు రానీ," అంది సత్యమ్మ.

"ముహూర్తం దాటితే ఇగ గిది గుడ్డి పటమేనమ్మా," అన్నాడు నకాషీ ముసలాయన.

లక్ష్మణ్ ముందుకొచ్చాడు. "నేను గౌడ్‌నే గద అవ్వా, నేను నిలబడ్త."

అది అబద్ధం కాదు. పాతదాన్ని అప్పుడే సాగనంపి వచ్చిన మనిషి ఏమని వద్దంటుంది? ముసలాయన లక్ష్మణ్ ఎదుట కళ్లు దిద్దాడు. సత్యమ్మ కొంగు పట్టి నిలబడింది.

"నా చేతుల బెట్టు అయ్యా."

"ఇస్త, ఇయ్యకెక్కడ పోత. గిప్పుడైతే ఆఫీసుల ఉండనీ, వచ్చేటోళ్లు జూస్తరు. నీ రేకులింట్ల ఎలుకలు కొరుకుతయి."

లక్ష్మణ్ దొంగ కాదు, మోసగాడూ కాదు. నా కోపమంతా అక్కడే. దొంగైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. సత్యమ్మ ఎన్నిసార్లు వెళ్లినా చాయ్ తాగించి, "ఇస్తలే అవ్వా" అని పంపేవాడు. పటం ఆఫీసు గోడకు వేలాడుతుంటే, ఆమె ఇళ్లల్లో గిన్నెలు తోమడానికి కుదిరింది. ఏ ఊళ్లోనూ కథ లేదు. ఒంటరిగా కూడా పాడేది కాదు, గొంతులో మెదిలితే నోరు గట్టిగా మూసుకునేది.

రెండువేల ఏడులో ప్లాట్లన్నీ అమ్ముడై సైట్ ఆఫీసు తీసేశారు. ఇప్పుడైనా ఇస్తాడని ఆశగా వెళ్లింది.

"ముక్కలు జేసి ఫ్రేములు కట్టిచ్చిన అవ్వా. ఇండ్లు కట్టుకున్నోళ్లకు గృహప్రవేశం కానుకలిచ్చిన. ఇగ మన కులం కథ ఇంటింట్ల ఉంటది," అన్నాడు లక్ష్మణ్, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ.

మా బడిలో నాతో పనిచేసే మనోరమది గుంటూరు. ఆమె ఇల్లు ఆ వెంచర్‌లోనే, ఆమెకూ ఒక ముక్క వచ్చింది. ఒక్కసారి చూపించమని సత్యమ్మ అడిగితే నేనే తీసుకెళ్లాను. టీవీ పైన ఉంది ఫ్రేము. మొదటి తాటిచెట్టు, దాన్ని ఎక్కుతున్న మూలపురుషుడు. కత్తెర పడ్డ చోట అతని పాదాలు లేవు. కొత్తగా దిద్దిన కళ్లు మాత్రం మమ్మల్నే చూస్తున్నాయి.

మనోరమ మంచిది. సత్యమ్మను సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "ఈ బొమ్మ కథేంటండీ? వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు. మీకేమన్నా తెలిస్తే చెప్పండి," అంది.

సత్యమ్మ పెదవులు కదిలాయి. చెప్తుందనే అనుకున్నాను, చెప్పాలని ఎంత కోరుకున్నానో. ఆమె ఆ కళ్లలోకి చూసి, కప్పు కింద పెట్టింది.

"నాకు తెల్వదమ్మా," అంది.