వాగుకు అడ్డంగా మంచం

వాన దంచికొట్టిందంటే చాలు, లచ్చిరాం నులకమంచం మోసుకొచ్చి తండా పక్క వాగు దారికి అడ్డంగా వేస్తాడు. నెత్తిన యూరియా సంచి కప్పుకుని, నోట్లో బీడీ పెట్టుకుని, వచ్చినవాణ్ని వచ్చినట్టే తిట్టి వెనక్కి పంపుతాడు. ఒకప్పుడు తిట్లన్నీ వాగుకే. కేసముద్రం నుంచి ఎరువు బస్తాలు తోలే రోజుల్లో, ఇదీ ఒక వాగేనా అని నీళ్లలో తుపుక్కున ఉమ్మి మరీ ట్రాక్టర్ దింపేవాడు. వాగు దాటే రోడ్డు అంచున పాతిన తెల్లరాళ్ల తలలు కనిపిస్తే నీళ్లు మోకాలు దాటవని అతని ధీమా. పోయినేడు ముసురులోనూ రాళ్లు కనిపించాయి. వాటి పక్కన రోడ్డే లేదు, వాగు అడుగునుంచి కోసుకుపోయింది. ట్రాక్టర్ బోర్లాపడింది. కొట్టుకుపోయిన లచ్చిరాం తుమ్మచెట్టును వాటేసుకుని, తండావాళ్లు తాడు విసిరేదాకా ఆ ముళ్లను వదల్లేదు. ఆ మచ్చలు అరచేతుల్లో ఇంకా నల్లగా ఉన్నాయి.

నిన్న పాల క్యాన్లతో బైకు మీద రాములు వచ్చాడు.

"జర మంచం తియ్యే లచ్చన్నా, పాలు పలిగి ఖరాబైతయ్. రాళ్లు కనవడుతనే ఉన్నయ్ గదా!"

లచ్చిరాం లేచి బైకు తాళం పీకి జేబులో వేసుకున్నాడు.

"నీ పాలల్ల మన్నువడ! నాకు గూడ రాళ్లే కనవడ్డయ్ రా. రోడ్డు కనవడుతుందా, చెప్పు!"

రాములు గొణుగుతూ బండి దిగాడు. కోపంతో లచ్చిరాం నోట్లో ఉమ్మి ఊరింది. వాగు వైపు ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి, పది అడుగులు నడిచి, పొలం గట్టు మీద ఉమ్మి వచ్చాడు.