గుడి కుంకుమ పడిన పింగాణీ భరిణె

పాత పింగాణీ భరిణెలు సేకరించడం నా పిచ్చి. ఆదోనిలో ఒక సావుకారు ఇంట్లో దొరికిన భరిణెకు మూత మీద చేత్తో వేసిన గులాబి ఉంది. లోపలి తెలుపుకు ఇన్నేళ్లలో ఒక్క మరక పడలేదు. ఎమ్మిగనూరు బస్సులో గుడ్డ విప్పి చూసుకోవడమే నేను చేసిన పొరపాటు.

పక్క సీట్లో, ఉరుకుంద ఈరన్న గుడికి పోయి వస్తున్న ఒక పెద్దావిడ చేయి చాపింది. "ఏదీ, ఒగసారి ఇయ్యప్పా, సూస్తా."

ఇవ్వక తప్పలేదు. మూత తీసి చూసి, ముఖం చిట్లించింది.

"ఇందులో ఏం పెడతావు?"

"ఏమీ పెట్టనమ్మా. చూసుకోవడానికే."

"కుంకుమ బరిణె ఖాళీగా సేతికియ్యకూడదప్పా."

నేను వద్దు వద్దంటున్నా తన సంచిలోంచి పొట్లం తీసి విప్పి, గుడి కుంకుమంతా అందులో ఒంపేసింది. వేలితో అదిమి మరీ మూత పెట్టింది. గులాబి మీద కూడా ఎర్రగా వేలిముద్ర పడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంటికి పోయి మీ ఆడమనిషికియ్యి," అని చెప్పి దారిలో దిగిపోయింది.

ఇంటికి రాగానే కడగబోతే నా భార్య లాక్కుంది. "గుడి కుంకుమను మోరీలో పోస్తారా ఎవరన్నా?"

తక్కిన భరిణెలన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటిని తెరిచేవాళ్లు లేరు. ఇది మాత్రం దేవుడి గూట్లో ఉంది. రోజూ పొద్దున్నే ఆమె దీన్ని తెరిచి బొట్టు పెట్టుకుంటుంది. కుంకుమ అడుగంటిందని ఆమె చెప్పేలోపే, విసుక్కుంటూ నేనే తెచ్చి నింపుతున్నాను.